కుడివైపు తొక్కుడు చెక్క

గడిచిన మాఘమాసంలో, రథసప్తమి వెళ్లిన నాలుగో రోజున, మా నాన్నగారి కాలి హార్మోనియం పొందూరులోని మా పుట్టింటి గడప దాటి వెళ్లిపోయింది. దాన్ని వీధిలోకి తేవడానికి ముగ్గురు మనుషులు కావలసి వచ్చారు. మా ఇంట్లో ఎవరూ దాన్ని హార్మోనియం అనేవారు కాదు. అది పెట్టె. "పెట్టె మీద చెయ్యి వెయ్యకండి", "పెట్టె మీద ఎండ పడుతోంది, జరపండి", "ఈ రాత్రి పెట్టె రాజాం వెళ్తుంది" అనే మాటలు వింటూ మేము పెరిగాము. ఊళ్లో ఎవరైనా పెట్టె అంటే ట్రంకు పెట్టె అనుకునేవారు గానీ, మా వీధిలో మాత్రం ఆ మాటకు అర్థం ఒక్కటే.

నాన్న దాన్ని 1956లో, నేను పుట్టడానికి ఐదేళ్ల ముందు, మూతపడిన ఒక నాటక సమాజం సామాన్లు అమ్ముతుంటే నూట ఎనభై రూపాయలకు కొన్నారట. అంత డబ్బు ఒక నేతగాడి ఇంట్లో ఉండే రోజులు కావు. అమ్మ మెడలోని నానుతాడు తాకట్టులోకి వెళ్లింది. అది విడిపించడానికి మూడేళ్లు పట్టిందని అమ్మ చెప్పేది, కానీ ఆ చెప్పడంలో నిష్ఠూరం ఎప్పుడూ వినిపించలేదు. మూత లోపలి వైపున్న ఇత్తడి రేకు మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయి 'కలకత్తా' అన్న ఒక్క మాట మాత్రమే మిగిలింది. చేత్తో తిత్తి ఊది వాయించే చిన్న హార్మోనియానికి రూపం ఇచ్చిన ద్వారకానాథ్ ఘోష్ కూడా కలకత్తా వారేనని నేను చాలా ఏళ్ల తరువాత చదివాను. మాది ఆ రకం కాదు. నాలుగు కాళ్ల మీద నిలబడి, కింద రెండు తొక్కుడు చెక్కలతో, వాయించేవాడి రెండు చేతులనూ మెట్లకే వదిలిపెట్టే పెద్ద పెట్టె మాది.

నాన్న పగలు ఖద్దరు నేసేవారు. పొందూరు ఖద్దరు గురించి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద అమ్మ వంటి ఆడవాళ్లు తీసిన సన్నని నూలును మగ్గం గుంటలో కూర్చుని నాన్న వంటివారు నేసేవారు. మగ్గం గుంటలో కాళ్ల కింద తొక్కుడు కర్రలుంటాయి. ఒకటి తొక్కితే పడుగు విడుతుంది, నాడె దూసుకుపోతుంది, రెండోది తొక్కితే పడుగు మళ్లీ మారుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక కాలు తరువాత ఒక కాలు అలా కదిలి కదిలి, నాన్న కాళ్లకు వేరే లయ తెలియదేమో అని నాకు అనిపించేది. రాత్రి పెట్టె ముందు కూర్చున్నా ఆ కాళ్లు అదే పని చేసేవి. నాటకాల్లో పేరు పడ్డ హార్మోనిస్టులు ఇంకా ఎందరో ఉండేవారు, వేళ్ల చురుకులో నాన్న కంటే మించినవారు ఉండేవారు. కానీ గాలి తెగకుండా, ఉబ్బకుండా, పడుగు దారంలా ఒకే వరసలో సాగే ధ్వని మాత్రం నాన్న పెట్టెలోనే విన్నాను. కూతురిని కాబట్టి అలా అంటున్నానని అనుకోవచ్చు. నాటకాలు ఆడిన పెద్దలు కూడా అదే మాట అనేవారు.

సంక్రాంతి వెళ్లిందంటే మా వైపు ఊళ్లలో అమ్మవారి సంబరాలు మొదలయ్యేవి, సంబరం అంటే రాత్రి నాటకం ఉండవలసిందే. లావేరు, సిగడాం, చీపురుపల్లి, ఆమదాలవలస చుట్టుపక్కల పల్లెలకు పెట్టెను ఎడ్లబండి మీద గడ్డి పరిచి, దుప్పట్లు చుట్టి తీసుకువెళ్లేవారు. పెట్రోమాక్సు దీపాల వెలుగులో తాటాకు పందిరి కింద రాత్రి పది గంటలకు తెర లేస్తే, కృష్ణుడు రాయబారం ముగించుకుని వెళ్లేసరికి తూర్పు తెల్లవారేది. ఈ నాటకాల్లో హార్మోనిస్టు అంటే పక్కన కూర్చుని శ్రుతి ఇచ్చేవాడు మాత్రమే కాదు. ఒక నటుడు నాలుగు శ్రుతిలో పాడతాడు, అతడికి జవాబు చెప్పే రెండో నటుడు ఐదున్నరకు పోతాడు, జలుబు చేసిన మూడో నటుడు ఆ రాత్రికి ఒక మెట్టు దిగి ఎత్తుకుంటాడు. పద్యం మొదటి అక్షరం నోట్లోంచి వచ్చిన క్షణంలో హార్మోనిస్టు అతడి శ్రుతికి చేరిపోవాలి, చేరినట్టు జనానికి తెలియకూడదు. పద్యం చివర నటుడు రాగం తీస్తుంటే దాన్ని పట్టుకుని పైకి తీసుకుపోవాలి, అతడి ఊపిరి అయిపోతున్నట్టు కనిపిస్తే పెట్టె ముందుకు వచ్చి ఆ లోటు పూడ్చాలి. ఎదుటి గొంతు ఓడిపోకుండా కాపాడడమే తన పని అని నాన్న అనుకునేవారు. వన్స్ మోర్ అన్న కేక నటుడికే వచ్చేది. నాన్న ఆ కేక విని తల వంచి మెట్లు తుడుచుకునేవారు.

నాకు పెట్టె వాయించడం నాన్న నేర్పలేదు. నేర్పమని నేను అడగనూ లేదు, ఆడపిల్ల అడగవచ్చునని ఆ రోజుల్లో నాకు తోచనూ లేదు. కానీ ఒక్క చలికాలం మాత్రం ఆ పెట్టెకు నేను ఊపిరినయ్యాను.

అది 1971 పుష్యమాసం. నాకు పదేళ్లు. పశువుల సాల దగ్గర నాన్న కుడి అరికాలిలో తుప్పు మేకు దిగి కాలు వాచిపోయింది. మగ్గం పని ఎలాగూ ఆగింది. నాటకాలకు మాత్రం సంచకారం తీసేసుకున్నారు, మాట ఇచ్చిన ఊళ్లు తొమ్మిది ఉన్నాయి. ఒంటికాలితో తొక్కి చూశారు, నాలుగు పద్యాలు కాకముందే తిత్తిలో గాలి చాలక స్వరం వణికింది. అప్పుడు నాన్న నన్ను పిలిచి, పెట్టె కింద కుడివైపు కూర్చోబెట్టి, నా రెండు అరచేతులనూ తొక్కుడు చెక్క మీద పెట్టించారు. ఎడమ చెక్క నాన్న కాలు, కుడి చెక్క నా చేతులు. నాన్న కాలు పైకి లేస్తున్నప్పుడు నా చేతులు దిగాలి. మొదటి రెండు రోజులు ఇంట్లో సాధన చేశాము. ఎంత జాగ్రత్తగా నొక్కినా నేను నొక్కిన ప్రతిసారీ స్వరం ఒక్కసారి ఉబ్బేది. "నొక్కీకు, దించు" అన్నారు నాన్న. ఆ రెండింటికీ తేడా అర్థం కావడానికి నాకు ఇంకో రోజు పట్టింది.

పెట్టె ముందు భాగానికి నాన్న ఎప్పుడూ తాను నేసిన తెల్ల ఖద్దరు ముక్క ఒకటి వేలాడదీసేవారు. ఆ ముక్క వెనక నేను కూర్చుంటే జనానికి కనిపించేదాన్ని కాదు. నాకూ జనం కనిపించేవారు కాదు, నటులూ కనిపించేవారు కాదు. గుడ్డ అంచు కింద నుంచి రంగు పూసిన పాదాలు, గజ్జెలు, కృష్ణుడి పట్టుపంచె కుచ్చెళ్లు మాత్రం కనిపించేవి. కాబట్టి నాటకమంతా నేను చేతులతోనే విన్నాను. కందపద్యం వస్తే ఊపిరి పీల్చుకునేలోగా అయిపోయేది, దానికి పెద్దగా గాలి అక్కరలేదు. ఉత్పలమాల, చంపకమాల వచ్చినప్పుడు మూడో పాదం అయ్యేసరికి తిత్తి నిండుగా ఉండాలి, ఎందుకంటే నాలుగో పాదం చివరి అక్షరాన్ని నటుడు ఎంతసేపు పట్టుకుంటాడో అతడికే తెలియదు. అన్నిటికంటే సీసపద్యానికి నేను భయపడేదాన్ని. నాలుగు పెద్ద పాదాలూ దాటి, ఎత్తుగీతి మొదలయ్యేసరికి నా భుజాలు పడిపోయేవి, అసలు బలమంతా కావలసింది అక్కడే. ఒక రాత్రి అలాంటి చోట నా చేతులు ఆగిపోతే పైనుంచి నాన్న గొంతు నెమ్మదిగా వినిపించింది. "గాలి తగ్గనీకమ్మా, పద్యం ఇంకా అవనేదు." కోప్పడలేదు. పద్యం అయిపోయాక ఎడమ చేత్తో శ్రుతి మెట్టు నొక్కి ఉంచి, కుడి చెయ్యి కిందికి దించి నా తల మీద ఒకసారి పెట్టారు.

తెల్లవారి బండిలో గడ్డి మీద పడుకుని ఇంటికి వచ్చాక అరచేతుల మడమలు వాచి ఎర్రగా ఉండేవి. అమ్మ కొబ్బరినూనె వెచ్చచేసి రాసేది. తొమ్మిది ఊళ్లూ అలాగే పూర్తయ్యాయి. శివరాత్రి నాటికి నాన్న కాలు మానింది, నా ఉద్యోగం పోయింది. ఆ మరుసటి నాటకానికి నన్ను తీసుకువెళ్లలేదని నేను అన్నం మానేసి ఏడ్చాను.

ఆ పెట్టె మీద నాన్నకు ఉన్న ప్రేమకు పక్కనే ఒక బాధ కూడా ఉండేదని పెద్దయ్యాక తెలిసింది. విజయనగరంలో మహారాజావారు 1919లో స్థాపించిన సంగీత కళాశాల మీదుగా ఎప్పుడు వెళ్లినా నాన్న కాసేపు ఆగి, లోపలి నుంచి వాయులీనమో వీణో వినిపిస్తే గోడ పక్కన నిలబడి వినేవారు, లోపలికి మాత్రం వెళ్లేవారు కాదు. ఎప్పుడో ఒక పెళ్లిలో ఒక విద్వాంసుడు "పెట్టె వాయించేవాడికి గమకమేమి తెలుస్తుంది" అన్నారట. మాటలో నిజం లేకపోలేదు. హార్మోనియంలో ప్రతి మెట్టుకీ ఒక ఇత్తడి రీడు, ప్రతి రీడుకీ ఒకే స్వరం. రెండు మెట్ల మధ్య జారడానికి తీగ లేదు, ఊగడానికి చోటు లేదు. ఈ కారణం మీదనే 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు దేశంలో రేడియో కేంద్రాలు హార్మోనియాన్ని దూరం పెట్టాయి. 1971లో ఆ నిషేధం కొంత సడలింది. నేను చెక్క నొక్కిన చలికాలమూ అదే సంవత్సరంలోనిది, కానీ ఆ సంగతి మా పొందూరు వీధికి అప్పుడు తెలియనే లేదు.

అయితే ఏ లక్షణాన్ని లోపమన్నారో, రంగస్థలం మీద నటుడికి ఆసరా అయినది ఆ లక్షణమే అని నా నమ్మకం. అన్ని మెట్ల మధ్యా ఒకే దూరం ఉండబట్టే నాలుగులో ఉన్న నటుడి నుంచి ఐదున్నరలో ఉన్న నటుడికి ఒక్క క్షణంలో దాటడం వీలైంది. మైకులు లేని ఆరుబయట, వేల మంది జనం మధ్య, గొంతుకు ఆనుకుని నిలబడగల వాయిద్యం అదొక్కటే. కృష్ణ పాత్రకు పెట్టింది పేరైన పీసపాటి నరసింహమూర్తి గారు మా ఉత్తరాంధ్ర వారే. ఆయన పద్యం వినడానికి నాన్న ఎన్ని మైళ్లయినా నడిచేవారు. తిరిగి వచ్చి పద్యం గురించి కాకుండా, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అమ్మకు చెబుతూ కూర్చునేవారు. గమకం పలకని పెట్టెలో గమకం ఉన్నట్టు భ్రమ కలిగించడానికి నాన్న పక్క మెట్టును రెప్పపాటు తాకి వదిలేవారు, అదే సమయంలో కాలు కొంచెం సడలించేవారు. అది భ్రమే. కానీ కాంభోజి ఎత్తుకున్నప్పుడు ఆ భ్రమకు మా నాయనమ్మ కళ్లు తుడుచుకునేది.

ఏటా కార్తీకమాసంలో, వానలు వెనకబట్టాక, పెట్టె విప్పడం ఒక పండుగ. తేమకు ఉబ్బిన మెట్లు నీడలో ఆరబెట్టి, రీడ్ల పలక బయటికి తీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపేవారు. రీడు కింద చిన్న నలక చేరినా ఆ స్వరం మూగబోతుంది. సన్నని కాగితం ముక్క దాని కింద దూర్చి లాగితే మళ్లీ పలుకుతుంది. శ్రుతి తప్పిన రీడును సరిచేయడం మాత్రం నాన్న ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పలచని రేకు ముక్క ఆధారంగా పెట్టి, శ్రుతి పెరగాలంటే రీడు కొన దగ్గర, తగ్గాలంటే మొదలు దగ్గర, ఆకురాయితో ఒకటి రెండు సార్లు మాత్రమే గీకేవారు. గీకిన ఇత్తడి మళ్లీ రాదు కాబట్టి, ఒక్క గీత గీసి పదిసార్లు వినేవారు.

నాన్న 2012లో, ఎనభై రెండో ఏట పోయారు. చివరి నాలుగేళ్లు వాయించలేదు. ఆ తరువాత రెండో ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖపట్నం దగ్గర తీరం దాటిన ఆ గాలికి మా పెంకుటింటి కప్పు కూడా ఒక పక్కకు లేచిపోయింది. పెట్టె ఉన్న గదిలో రాత్రంతా నీళ్లు కారాయి. నేను శ్రీకాకుళం నుంచి వెళ్లేసరికి వారం గడిచింది. పైన కప్పిన ఖద్దరు గుడ్డ తడిసి బూజు పట్టింది. తిత్తి మడతల్లో చెమ్మ చేరింది. కుడివైపు తొక్కుడు చెక్కను తిత్తికి కలిపే తోలు పట్టీ తెగి వేలాడుతోంది. నేను గుడ్డ ఉతికి ఆరవేసి, పెట్టెను తుడిచి, పొడి గదిలోకి మార్పించి వచ్చేశాను. బాగు చేయించలేదు. ఎవరైనా విప్పితే నాన్న చేతులు పెట్టిన చోట వేరే చేతులు పడతాయని నాకు తోచింది. ఏళ్ల తరబడి దాన్ని తాళం వేసిన గదిలో ఉంచి, దసరాకు కుంకుమ పెట్టి, అది భక్తి అనుకున్నాను. ఆ గదిలో రీడ్లకు చిలుము పడుతూనే ఉంది, ఎలుకలు తిత్తి అంచు కొరుకుతూనే ఉన్నాయి. నాన్న ఉంటే నన్ను క్షమించి ఉండేవారు కాదు. ఈ సంగతి రాయడానికి కష్టంగానే ఉంది.

కిందటి ఏడు తమ్ముడు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. వాడిది తప్పు కాదు, హైదరాబాదులో ఉన్నవాడు పొందూరులో తాళం వేసిన ఇంటికి ఎన్నాళ్లు పెంకులు మార్పిస్తాడు? నేనుంటున్న అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంది, హాలులో పెట్టెకు చోటు లేదు. పాత సామాన్లు కొనేవాడు ఒకడు వచ్చి, ఒక పెద్ద హోటలు ముంగిట్లో అలంకారంగా పెడతారని చెప్పి పదిహేను వేలు ఇస్తానన్నాడు. పైన పూలకుండీలు పెట్టుకోవడానికి చాలా బాగుంటుందని కూడా అన్నాడు. వద్దని పంపేశాను.

రాజాం వైపు పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి ఇరవై ఆరేళ్లు ఉంటాయి. పగలు కరెంటు పనులు చేస్తాడు, రాత్రి నాటకాలకు కీబోర్డు వాయిస్తాడు. పెద్ద నటులు కీబోర్డుకు పాడలేమంటున్నారని, నాటకాలు తగ్గినా ఆడేవాళ్లు పెట్టె కావాలంటున్నారని చెప్పాడు. ఐదువేలు తెచ్చాడు. వెయ్యి తీసుకుని, మిగిలినది తిత్తి తోలుకు ఉంచుకోమన్నాను. ఊరికే ఇస్తే వస్తువు నిలవదని అమ్మ అనేది కాబట్టి ఆ వెయ్యి తీసుకున్నాను.

తీసుకువెళ్లే ముందు ఒకసారి పలికించి చూస్తానన్నాడు. స్టూలు మీద కూర్చుని ఎడమ చెక్క తొక్కాడు, తిత్తిలోంచి ఈల వంటి శబ్దం వచ్చింది తప్ప గాలి నిలవలేదు. కుడి చెక్క పట్టీ తెగి ఉంది కదా. కొబ్బరితాడు ముక్క తెచ్చి పట్టీ ఉన్న చోట బిగించాను గానీ, తాడు జారిపోకుండా ఎవరో చేత్తో పట్టుకుని నొక్కాలి. ఇరవై ఆరేళ్ల కుర్రవాడి పక్కన నేల మీద కూర్చోవడానికి ఈ వయసులో నా మోకాళ్లు ఒప్పుకోలేదు, అయినా కూర్చున్నాను. అరచేతులు చెక్క మీద పెట్టాను. "నువ్వు ఎడమ కాలు లేపినప్పుడు నేను దించుతాను, వాయించు బాబూ" అన్నాను.

అతడు ముందు షడ్జమం పట్టాడు. స్వరంలో చిలుము ఉంది, పక్కన ఇంకో రీడు సన్నగా ఏడుస్తోంది. పంచమం పలకనే లేదు. అయినా ఆ గదిలో అంతకాలం తరువాత పెట్టె గొంతు విప్పింది. అతడు మోహన ఎత్తుకుని, మెల్లగా సీసపద్యం ఒకటి తనలో తాను పాడుకుంటూ వాయించాడు. నాలుగో పాదం దాటుతుండగా నేను గాలి పోగుచేయడం మొదలుపెట్టాను. ఎత్తుగీతి చివర అతడి గొంతు పైకి వెళ్లింది, తిత్తి నిండుగా ఉంది, స్వరం వణకలేదు. అతడు వాయించడం ఆపి కిందికి వంగి చూశాడు.

"మీకు వాయించడం వొచ్చేటమ్మా?"

రాదని చెప్పాను. పద్యం ఇంకా అవనేదు, కానీయమన్నాను.

మధ్యాహ్నం వ్యాను వచ్చింది. మెట్ల మీద నాన్న ఖద్దరు గుడ్డ పరిచి, మూత వేసి, తాళ్లు కట్టారు. ఆ గుడ్డ ఉంచుకుందామని పొద్దున అనుకున్నాను గానీ, కట్టేటప్పుడు ఆ మాట అనలేదు. రీడ్లు గీకేటప్పుడు ఒక్క గీత గీసి పదిసార్లు వినమని అతడికి రెండుసార్లు చెప్పాను. కార్తీకంలో ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టమన్నాను. వ్యాను స్టేషను రోడ్డు మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడి, లోపలికి వచ్చి గది ఊడ్చాను.

ఆ రాత్రి శ్రీకాకుళంలో మా ఇంట్లో కొబ్బరినూనె వెచ్చచేసుకుంటుంటే, ఏమైందని మా ఆయన అడిగారు. అరచేతుల మడమలు వాచాయి, పెట్టె తొక్కి వచ్చానని చెప్పాను.